ముహూర్తం వేళ కెమెరా ఏ నంబర్ల మీద ఉండాలి?

పెళ్లి ఫొటోలు తీయబోతున్న కొత్తవాళ్లు మొదట అడిగేది ఒకటే: "ఏ సెట్టింగులు పెట్టమంటారు?" ఎవరో ఒకరు టక్కున జవాబు చెప్పేస్తారు: ఎఫ్/2.8, 1/200, ఐఎస్ఓ 1600. తప్పేం కాదు. కాకపోతే ఆ మూడు నంబర్లూ ఏదో ఒక ఫంక్షన్ హాల్లో, ఏదో ఒక రాత్రి, ఫలానా వీడియో లైటు ఫలానా దూరంలో వెలుగుతుండగా కుదిరినవి. మన పెళ్లేమో ఒక్క వెలుగులో జరిగేది కాదు. పొద్దున పెరట్లో మంగళస్నానం, మధ్యాహ్నం షామియానా కింద భోజనాలు, సాయంత్రం ఎదుర్కోలు, తెల్లవారుజామున ముహూర్తం, ఎండ పొడిచేసరికి అప్పగింతలు. మిట్టమధ్యాహ్నం ఎండకీ, రాత్రి మండపంలో ఉండే వెలుగుకీ తేడా కొన్ని వందల రెట్లు. ఒక చోట పనిచేసిన నంబర్లు ఇంకో చోటికి మోసుకెళితే ఫొటో తెల్లగా కాలిపోతుంది, లేకపోతే నల్లగా మాడిపోతుంది.

అందుకే నంబర్ల పట్టీ బట్టీపట్టమని నేనెవరికీ చెప్పను. ప్రతి ఘట్టానికీ ముందు ఒక ప్రశ్న వేసుకోమంటాను: ఇక్కడ దేన్ని పోగొట్టుకోకూడదు? ఒకచోట అది కదలిక. చెయ్యి చెదిరిపోతే ఫొటో లేనట్టే. ఒకచోట లోతు. ముందు వరుసలో తాతయ్యా, వెనక వరుసలో మేనమామా ఇద్దరూ స్పష్టంగా ఉండాలి. ఒకచోట రంగు. ఆ ఒక్కదాన్నీ ముందు బిగించేస్తే మిగతావాటికి ఎంచుకునే అవకాశమే పెద్దగా మిగలదు. సగం టెన్షన్ అక్కడే పోతుంది.

మూడు మీటల సంగతి చాలామందికి తెలిసిందే కాబట్టి గబగబా చెప్పేస్తాను. షట్టర్ అంటే సెన్సర్ మీద వెలుగు ఎంతసేపు పడాలన్నది; 1/200 అంటే సెకనులో రెండొందలో వంతు. అపర్చర్ అంటే లెన్స్‌లో రంధ్రం ఎంత తెరుచుకోవాలన్నది. ఎఫ్ పక్కన అంకె చిన్నదైతే రంధ్రం పెద్దది. ఈ రెండూ కలిసి లోపలికి వచ్చే వెలుగును నిర్ణయిస్తాయి. ఐఎస్ఓ మాత్రం వెలుగును లోపలికి తేదు, వచ్చినదాన్ని పెంచి చూపిస్తుంది, అంతే. ఏ మీటనైనా ఒక స్టాప్ కదిపామంటే వెలుగు రెట్టింపు అవుతుంది, లేదా సగమవుతుంది. 1/100 నుంచి 1/200కి, ఎఫ్/2.8 నుంచి ఎఫ్/4కి వెళితే సగం. ఐఎస్ఓ 1600 నుంచి 3200కి వెళితే రెట్టింపు.

ఇక్కడ మొదటి చిక్కుముడి ఐఎస్ఓ భయం. ఫొటోలో గింజలు గింజలుగా నాయిస్ వస్తుందని 1600 దాటడానికి చాలామంది జంకుతారు. అది దాటకుండా ఉండాలని షట్టర్‌ను 1/60కి దించుతారు, పెళ్లికొడుకు చెయ్యి చెదిరిపోతుంది. లేదంటే చీకటిగా తీసి, ఇంటికెళ్లి కంప్యూటర్లో వెలుగు పెంచుతారు. 1600 దగ్గర రెండు స్టాపులు చీకటిగా తీసి తర్వాత పెంచిన ఫొటోలో నాయిస్, అక్కడికక్కడే 6400లో సరిగ్గా తీసినదానికంటే తక్కువేమీ ఉండదు. చాలా కెమెరాల్లో ఇంకాస్త ఎక్కువే కనిపిస్తుంది. పైగా 2023 ఏప్రిల్లో ఫొటోలు దిద్దే లైట్‌రూమ్ సాఫ్ట్‌వేర్‌లోకి నాయిస్ తగ్గించే ఏఐ డీనాయిస్ వచ్చాక, రా ఫైల్ (సెన్సర్ పట్టింది పట్టినట్టే దాచే ఫైల్) చేతిలో ఉంటే 6400 అన్నది భయపడాల్సిన అంకే కాదు. నాయిస్‌ను తగ్గించుకోవచ్చు. చెదిరిన చేతిని ఏ సాఫ్ట్‌వేరూ నమ్మకంగా కూర్చలేదు. అందుకే వదులుకోవాల్సి వచ్చినప్పుడల్లా మొదట వదులుకోవాల్సింది ఐఎస్ఓనే.

రెండోది షట్టర్ గురించి. చెదరడం రెండు రకాలు. మన చెయ్యి వణికితే ఫ్రేమంతా చెదురుతుంది. దానికి పాత లెక్క ఒకటుంది: 85 ఎంఎం లెన్స్ అయితే 1/85 కంటే, 200 ఎంఎం అయితే 1/200 కంటే వేగంగా పెట్టుకోవాలి. ఇప్పటి కెమెరా బాడీల్లో ఉండే స్టెబిలైజేషన్ ఈ వణుకును బాగానే ఆపుతుంది. ఎదుటి మనిషి కదిలితే వచ్చే చెదురును మాత్రం అది ఆపలేదు. "నా కెమెరాలో ఐదు స్టాపుల స్టెబిలైజేషన్ ఉంది, 1/30లో తీసినా ఫర్వాలేదు" అనుకునేవాళ్లకు మండపం స్పష్టంగానూ పెళ్లికూతురు మసకగానూ వస్తారు. పీటల మీద కూర్చున్నవాళ్లకు 1/125 సరిపోతుంది. చేతులు ఆడుతుంటే 1/250. సంగీత్‌లో ఆడపిల్లలు గిరగిరా తిరుగుతుంటే 1/500.

మూడోది అపర్చర్. 85 ఎంఎం ఎఫ్/1.4 లెన్స్ కొన్న కొత్తలో ఎవరికైనా దాన్ని పూర్తిగా తెరిచి తీయాలనే ఉంటుంది. ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సర్ ఉండే) కెమెరాలో రెండు మీటర్ల దూరం నుంచి అలా తీస్తే ఫోకస్‌లో ఉండే లోతు నాలుగున్నర సెంటీమీటర్లు. పెళ్లికూతురు ఒక్కతే కూర్చుని, కాటుక కన్ను మీదో, ముక్కుపుడక మీదో ఫోకస్ పెట్టాలంటే అద్భుతం. పక్కన పెళ్లికొడుకు కొంచెం వెనక్కి కూర్చున్నాడా, ఆయన మబ్బులో కలిసిపోతాడు. అదే దూరం నుంచి 35 ఎంఎం లెన్స్‌తో ఎఫ్/2.8లో తీస్తే లోతు అర మీటరు పైమాటే. మండపం మీద నా చేతిలో ఎక్కువసేపు ఉండేది ఈ రెండోదే. ఆల్బమ్ చూసేటప్పుడు "మా బావ మొహం ఎందుకిలా మసకగా ఉంది?" అని అడిగేవాళ్లే తప్ప, వెనకాల దీపాలు గుండ్రంగా ఎంత బాగా కరిగిపోయాయో మెచ్చుకునే చుట్టాలు తక్కువ.

ఇక అసలు సంగతికి, జీలకర్ర బెల్లం దగ్గరికి వద్దాం.

వధూవరులు ఎదురెదురుగా కూర్చుని ఉంటారు. మధ్యలో అడ్డతెర. ఇద్దరి చేతుల్లోనూ తమలపాకులో పెట్టిన జీలకర్ర బెల్లం ముద్ద. పంతులుగారు ఒక కన్ను గడియారం మీద వేసి మంత్రం చదువుతుంటారు. ఆయన చెయ్యెత్తి సైగ చేయగానే గట్టిమేళం. ఇద్దరి చేతులూ ఒకరి నెత్తి మీదికి ఒకరివి వెళతాయి, తెర దిగుతుంది, చుట్టూ ఉన్నవాళ్లంతా అక్షింతలు విసురుతారు. చేతులు పైకి లేచి నెత్తి మీద ఆనడం, తెర దిగడం, ఇద్దరి చూపులూ కలవడం అన్నీ రెండు మూడు సెకన్లలో అయిపోతాయి. "ఇంకోసారి పెట్టండి" అని అడగడానికి లేదు. అడిగే ఫొటోగ్రాఫర్లు ఉన్నారు, అది వేరే సంగతి.

ఇక్కడ పోగొట్టుకోకూడనిది కదలిక. అందుకే షట్టర్ 1/250 దగ్గర బిగించేయాలి. చేతులు వేగంగా లేస్తాయి, అదే క్షణంలో వెనక నుంచి ఎవరో మన మోచేతిని తోస్తారు, రెండింటినీ అది కాస్తుంది. ఇద్దరినీ పక్క నుంచి తీస్తున్నాం కాబట్టి రెండు మొహాలూ ఇంచుమించు ఒకే దూరంలో ఉంటాయి. అయినా ఒకరు ముందుకు వంగితే ఇబ్బంది లేకుండా ఎఫ్/3.5 లేదా ఎఫ్/4. ఐఎస్ఓ ఎంతకు చేరితే అంత. చాలా హాళ్లలో వీడియో లైటు కింద అది 1600కీ 3200కీ మధ్య తేలుతుంది. వెలుగు తక్కువగా ఉన్నచోట 6400.

మూడింటినీ మాన్యువల్‌లో పెట్టి కదపకుండా ఉంచడం ఈ ఘట్టంలో తప్పనిసరి అంటాను. కారణం ఆ తెరే. కెమెరా లోపలి మీటర్ తన ముందున్నదంతా సగటున మధ్యరకం బూడిదరంగులో ఉంటుందని లెక్కేసుకుంటుంది. తెల్లని అడ్డతెర ఫ్రేములో సగం నిండి ఉంటే "అబ్బో, వెలుగు ఎక్కువైంది" అనుకుని తగ్గించేస్తుంది, మొహాలు నల్లబడతాయి. తెర దిగిన మరుక్షణం వెనక ముదురు రంగు డెకరేషన్ కనబడితే ఇప్పుడు చీకటి ఎక్కువైందని పెంచేస్తుంది, మొహాలు తెల్లబడతాయి. మొహాల మీద పడే వెలుగు మాత్రం ఆ రెండు సెకన్లలో రవ్వంత కూడా మారలేదు! ఆటో మోడ్‌లు ఇక్కడ దెబ్బతినేది అందుకే. మధుపర్కాలతోనూ ఇదే తంటా. ఫ్రేములో తెల్లబట్ట ఎక్కువైనకొద్దీ కెమెరా ఫొటోను మురికి చేస్తుంది. ఆటోలోనే తీయాల్సి వస్తే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను ముప్పావు స్టాప్ నుంచి ఒక స్టాప్ దాకా పెంచుకోవాలి. రిసెప్షన్‌లో పెళ్లికొడుకు నల్ల సూట్ వేసుకున్నప్పుడు అంతే మేర తగ్గించుకోవాలి.

మరి ఏ నంబర్ల దగ్గర బిగించాలో ముందే ఎలా తెలుస్తుంది? గౌరీపూజ అయి పెళ్లికూతుర్ని బుట్టలో తెచ్చేలోపు మండపం మీద తీరిక దొరుకుతుంది. అప్పుడు వీడియో లైటు వేయించి, పీటల దగ్గర అసిస్టెంట్ కుర్రాణ్ని కూర్చోబెట్టి ఒక ఫొటో తీసి చూసుకోవాలి. ఎవరూ లేకపోతే అదే చోట మన అరచెయ్యి చాలు. చర్మం సరిగ్గా వచ్చి, పక్కన పెట్టిన తెల్ల పంచె మీద, వెలుగు మరీ ఎక్కువైన చోట కెమెరా స్క్రీన్ చూపించే హెచ్చరిక మిణుకు కొట్టకుండా ఉంటే నంబర్లు కుదిరినట్టే. నగల మీద చిన్న చిన్న మెరుపులు మిణుకు కొడితే కొట్టనివ్వండి, బంగారం మెరవాలి కదా.

ఫోకస్ సంగతీ ఇక్కడే చెప్పాలి. కొత్త మిర్రర్‌లెస్ కెమెరాలు కన్ను కనబడితే పట్టేసి వదలవు. కానీ అక్షింతలు లెన్స్ ముందు నుంచి ఎగురుతుంటే కొన్ని కెమెరాలు ఆ బియ్యపు గింజ వెనక పరిగెడతాయి. కంటిన్యుయస్ ఫోకస్ మెనూలో ట్రాకింగ్ ఎంత చురుగ్గా ఉండాలో చెప్పే సెట్టింగ్ ఉంటుంది. దాన్ని మందకొడి వైపు జరిపితే మధ్యలో ఏది అడ్డొచ్చినా కెమెరా పట్టినదాన్నే పట్టుకుని కూర్చుంటుంది. పెళ్లికూతురు తల దించుకుంటే కన్ను దొరకదు, అప్పుడు కెమెరా వెనక నిలబడ్డ పిన్నిగారి కన్ను వెతుక్కుంటుంది. ఫోకస్ ప్రాంతాన్ని ఫ్రేమంతా వదిలేయకుండా మధ్యలో చిన్న జోన్‌కి కుదిస్తే ఈ బెడద తగ్గుతుంది.

మాంగల్యధారణకు ఈ కన్ను వెతికే ఏర్పాటును పూర్తిగా ఆపేయడమే మంచిది. అక్కడ చూడాల్సింది వేళ్లు, పసుపుతాడు, మూడు ముళ్లు. ఆడపడుచు జడ ఎత్తి పట్టుకుని ఉంటుంది, పెళ్లికొడుకు ముందుకు వంగి ముడి వేస్తుంటాడు. కెమెరాను దాని ఇష్టానికి వదిలితే పెళ్లికొడుకు కన్ను పట్టుకుంటుంది, ముడి మసకబారుతుంది. సింగిల్ పాయింట్ పెట్టి వేళ్ల మీద ఆనించాలి. ఇవన్నీ మార్చుకోవడానికి టైమెక్కడిదంటారా? కొబ్బరిబోండం మీద మంగళసూత్రాలు పెట్టి పెద్దలందరి చేతా తాకించి తెస్తారు చూడండి, అదే మనకు దొరికే విరామం. సీ1, సీ2 అని కెమెరా మీద ఉండే కస్టమ్ మోడ్‌లలో ముందే దాచి పెట్టుకుంటే డయల్ ఒక్కసారి తిప్పితే అయిపోతుంది.

తలంబ్రాల దగ్గర మజా వేరు. గింజ గాల్లో ఆగిపోయినట్టు కనబడాలా, గీతలా సాగాలా? కాస్త లెక్క వేద్దాం. ఇరవై సెంటీమీటర్ల ఎత్తు నుంచి పడిన గింజ తలను చేరేసరికి సెకనుకు రెండు మీటర్ల వేగంతో ఉంటుంది. 1/125లో అది 1.6 సెంటీమీటర్లు ప్రయాణిస్తుంది, అంటే తన పొడవుకు రెండింతలు. ఫొటోలో పసుపు గీత కనబడుతుంది. 1/1000లో కదిలేది రెండు మిల్లీమీటర్లు. గింజ గింజా లెక్కపెట్టుకోవచ్చు. ఈ మధ్య తలంబ్రాల్లో కలుపుతున్న రంగురంగుల థర్మకోల్ పూసలు గాలికి తేలుతూ నెమ్మదిగా దిగుతాయి కాబట్టి వాటికి 1/500 కూడా ఎక్కువే. అన్ని గింజలూ గడ్డకట్టినట్టు ఆగిపోయిన ఫొటో నాకు అంతగా నచ్చదు. మొహాల్లో నవ్వు స్పష్టంగా ఉండి, అంచుల్లో గింజలు కొంచెం సాగితేనే ఆ అల్లరి కనబడుతుందని నా అభిప్రాయం. 1/320 దగ్గర మొదలుపెట్టి చూడండి. తలంబ్రాలు చాలాసేపు సాగుతాయి, ప్రయోగాలు చేయడానికి ఇంతకంటే మంచి చోటు పెళ్లిలో మరొకటి లేదు.

షట్టర్ వేగం పెంచాలనగానే ఇంకో సమస్య తలెత్తుతుంది. మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది, దాంతో ట్యూబులైట్లూ నాసిరకం ఎల్ఈడీలూ సెకనుకు వంద సార్లు ప్రకాశం పెరిగి తరుగుతుంటాయి. కంటికి తెలియదు, కెమెరాకు తెలుస్తుంది. 1/100లో తీస్తే ఒక పూర్తి ఊపు లోపలికి వస్తుంది, 1/50లో రెండు. అందుకే ఆ వేగాల్లో ప్రతి ఫొటో ఒకేలా వస్తుంది. 1/500లో తీస్తే ఆ ఊపులో ఏదో ఒక ముక్క మాత్రమే దొరుకుతుంది. వరసగా పది ఫొటోలు తీస్తే ఒకటి వెలుగ్గా, ఒకటి చీకటిగా, ఒకటి పసుపుగా వస్తాయి. సెట్టింగులు ఏవీ మార్చకపోయినా ఇలా వస్తుంటే కెమెరా పాడైందని కంగారు పడనక్కర్లేదు. అమెరికాలో కరెంటు 60 సార్లు ఊగుతుంది కాబట్టి డాలస్‌లోనో న్యూజెర్సీలోనో పెళ్లి తీస్తే అక్కడ నమ్ముకోవాల్సినవి 1/60, 1/125. ఇక్కడి కెమెరాతో అక్కడికి వెళ్లినవాళ్లకీ, సెలవులకు కెమెరా మెడలో వేసుకుని ఇక్కడికి వచ్చే అన్నయ్యలకీ ఇది పనికొస్తుంది.

శబ్దం రాకుండా తీయొచ్చని ఎలక్ట్రానిక్ షట్టర్ వాడితే ఈ సమస్య ఇంకా ముదురుతుంది. మామూలు సెన్సర్ ఫొటో మొత్తాన్ని ఒకేసారి చదవదు, పైనుంచి కిందికి వరసలు వరసలుగా చదువుతుంది. అలా చదవడానికి 1/25 సెకను పట్టే కెమెరాలో, ఆ వ్యవధిలో లైటు నాలుగుసార్లు ఊగుతుంది. వేగం పెంచి తీస్తే ఫొటోలో నాలుగు అడ్డచారలు. చర్చిలో పెళ్లి తీసేటప్పుడు నిశ్శబ్దం కావాలి, అక్కడేమో తరచుగా ట్యూబులైట్లే ఉంటాయి. కాబట్టి ముందు ఒకటి రెండు తీసి చారలు ఉన్నాయేమో పెద్దవి చేసి చూసుకోవాలి. ఉంటే 1/100కి దిగాలి, లేదా చప్పుడైనా సరే మెకానికల్ షట్టర్‌కి మారాలి. ఫ్రేమంతా ఒకేసారి చదివే గ్లోబల్ షట్టర్‌తో 2023లో సోనీ ఏ9 3 ప్రకటించింది. దానికి ఈ చారల గొడవ లేదు, ధర చూస్తే మాత్రం పెళ్లి ఫొటోగ్రాఫర్లలో ఎక్కువమందికి ఇంకా అందని ద్రాక్షే. చాలా కెమెరాల మెనూలో యాంటీ ఫ్లికర్ అనే ఏర్పాటు ఉంటుంది. లైటు ఊపులో శిఖరం మీద ఉన్నప్పుడే షట్టర్ పడేలా చూస్తుంది. దాన్ని ఆన్ చేసి ఉంచుకోండి.

ఎల్ఈడీ వాల్ ఇంకో రకం. రిసెప్షన్ స్టేజీ వెనక వేసే ఆ పెద్ద తెర సెకనుకు వందల, వేల సార్లు ఆరి వెలుగుతుంటుంది. వేగంగా తీస్తే సగం తెర నల్లగా వస్తుంది. అక్కడ 1/100, 1/60 దాకా దిగి, మనుషులు కదిలినా చెదరకుండా మొహాల మీద ఫ్లాష్ వేసుకోవడమే దారి. తెర మీదే సరిగ్గా ఫోకస్ పడితే అలలు అలలుగా చారలు కూడా వస్తాయి, కాబట్టి జంటను తెరకు కొంచెం దూరంగా ముందుకు జరపండి. బరాత్‌లోనూ సంగీత్‌లోనూ లేజర్ లైట్లు ఉంటే వాటి కిరణం నేరుగా లెన్స్‌లోకి రానివ్వకండి. సెన్సర్ కాలిపోతుంది, ఏ సెట్టింగూ కాపాడదు.

ఫ్లాష్ దగ్గర చాలామందికి అర్థంకాని విషయం ఒకటుంది, అది తెలిస్తే రిసెప్షన్ ఫొటోలు మారిపోతాయి. ఫ్లాష్ వెలుగు సెకనులో వెయ్యో వంతులోనో, పవర్ తగ్గించి వాడితే ఇంకా తక్కువలోనో వచ్చి పోతుంది. షట్టర్ 1/200 తెరుచుకున్నా 1/60 తెరుచుకున్నా లోపలికి వచ్చే ఫ్లాష్ వెలుగు ఒకటే. కాబట్టి షట్టర్ తిప్పితే మారేది వెనకాల ఉన్న హాలు వెలుగు, సీరియల్ బల్బుల వెలుగు, డెకరేషన్ వెలుగు. మొహాల మీద ఫ్లాష్ వెలుగు మారాలంటే అపర్చరో ఐఎస్ఓనో ఫ్లాష్ పవరో మార్చాలి. "మొహాలు తెల్లగా సున్నం కొట్టినట్టున్నాయి, వెనక అంతా చీకటి" అనే ఫొటోలు ఎలా వస్తాయో ఇప్పుడు చూడండి: 1/200, ఎఫ్/8, ఐఎస్ఓ 200. హాలు వెలుగు కెమెరాకు చేరనే లేదు, ఉన్నదంతా ఫ్లాషే. అదే 1/100, ఎఫ్/4, ఐఎస్ఓ 1600 పెడితే హాలు వెలుగు అరవై నాలుగు రెట్లు ఎక్కువ వస్తుంది. ఫ్లాష్ బాగా తగ్గించుకుని మొహాల మీద కొంచెం చల్లితే చాలు. డెకరేషన్‌కి లక్షలు పోసిన పెళ్లివారు ఆ డెకరేషన్ ఫొటోలో కనబడాలని కోరుకోవడంలో న్యాయం ఉంది.

ఫ్లాష్‌ను నేరుగా మొహం మీదికి కాకుండా సీలింగ్ మీదికి తిప్పి కొట్టడం అందరూ చెప్పే సలహానే. తెల్ల సీలింగ్, పది పన్నెండు అడుగుల ఎత్తు ఉన్న ఇంట్లో బాగా పనిచేస్తుంది. ఫంక్షన్ హాళ్లలో సీలింగ్ ఎత్తు ఎక్కువ, దానికి బంగారు రంగు పూత, పైగా ఎర్ర గుడ్డ కట్టి ఉంటుంది. ఎర్ర గుడ్డకు తగిలి వచ్చిన వెలుగు ఎర్రగానే వస్తుంది. ఆరుబయట గార్డెన్‌లో అయితే సీలింగే లేదు. అక్కడ స్టాండ్ మీద గొడుగో సాఫ్ట్‌బాక్సో పెట్టి, ట్రిగ్గర్‌తో పేల్చడమే మేలు. హోమం దగ్గర ఫ్లాష్ వేయకపోవడం ఉత్తమం. ముందు నుంచి వేస్తే పొగే వెలిగి తెల్ల తెరలా అడ్డుపడుతుంది. పొగ కనబడాలనుకుంటే వెలుగు పక్క నుంచో వెనక నుంచో రావాలి.

వెలుగు విషయంలో మన పెళ్లిళ్లలో అసలు యజమాని వీడియో అన్న. లైటు ఆయనది, దాన్ని ఆయన తన కెమెరాకు అనుకూలంగా పెట్టుకుంటాడు. సాధారణంగా పెళ్లికూతురికి దగ్గరగా, సూటిగా. లైటు ఆమెకు రెండు మీటర్లలోనూ పెళ్లికొడుక్కు మూడు మీటర్లలోనూ ఉంటే, ఆయన మీద పడే వెలుగు ఆమె మీద పడేదాంట్లో సగం కూడా ఉండదు. ఒకరికి సరిపోయిన సెట్టింగు ఇంకొకరికి సరిపోదు, ఏ నంబరు తిప్పినా ఇది తీరదు. "అన్నా, లైటు రెండు మీటర్లు వెనక్కి జరిపి కొంచెం ఎత్తులో పెడదామా? నీ షాట్‌లోనూ ఇద్దరూ సమంగా వస్తారు" అని ముహూర్తానికి ముందే అడిగితే ఎవరూ కాదనరు. నాలుగు మీటర్లు, ఐదు మీటర్లు అయినప్పుడు ఆ తేడా బాగా తగ్గిపోతుంది. మొత్తం వెలుగు తగ్గుతుంది, నిజమే. దానికి ఐఎస్ఓ ఉంది. పెళ్లి రోజంతా ఆయనతో పోట్లాడేకంటే పొద్దున్నే ఒక టీ తాగించడం మంచిది.

రంగు సంగతి. లైటు రంగును బట్టి ఫొటో రంగులు సరిచేసే వైట్ బ్యాలెన్స్‌ను ఆటోలో వదిలేస్తే హల్దీ ఫొటోలు పాడవుతాయి. ఫ్రేము నిండా పసుపు: బంతిపూలు, పసుపు చీరలు, మొహాలకు పసుపు. కెమెరా దాన్ని లైటు దోషమనుకుని నీలం కలుపుతుంది. పగటి వెలుగులో అయితే 5200 కెల్విన్ దగ్గర బిగించేస్తే పసుపు పసుపులాగే ఉంటుంది. రాత్రి మండపంలో వీడియో లైటు పగటి రంగులోనూ, వెనక డెకరేషన్ బల్బులు బాగా పసుపుగానూ ఉంటాయి. రెండింటినీ ఒకేసారి సరిచేయడం కుదరదు. మొహం మీద ఏ లైటు పడుతుందో దానికి సరిచేసి, వెనకాలను పసుపుగానే వదిలేయండి, చూడ్డానికి బాగుంటుంది కూడా. స్టేజీకి పెట్టే నీలం, ఊదా రంగు పార్ లైట్లు నేరుగా మొహం మీద కొడితే మాత్రం అది తర్వాత దిద్దలేని నష్టం. ఒక్క రంగు నిండిపోయి, మిగతా రంగుల్లో సమాచారమే ఉండదు. డెకరేషన్ వాళ్లను బతిమాలి, జంట మీదికి వచ్చే రెండు లైట్లను పక్కకు తిప్పించాలి. ఎర్ర పట్టుచీరకు కూడా ఇలాంటి గుణమే ఉంది. మామూలు హిస్టోగ్రామ్ (ఫొటోలో చీకటి, వెలుగు ఎంతెంత ఉన్నాయో చూపే గ్రాఫ్) బాగానే ఉందని చూపిస్తుంది, ఎరుపు ఒక్కటే అంచు దాటేసి చీర మీద నేత పని మాయమవుతుంది. మూడు రంగుల హిస్టోగ్రామ్ పెట్టుకుని ఎరుపు కుడి గోడకు తగులుతుంటే అర స్టాప్ తగ్గించండి.

ఈ దిద్దుబాట్లన్నిటికీ రా ఫైల్ కావాలి. జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లు, 14 బిట్ల రా ఫైల్లో 16,384. కార్డులో చోటు ఎక్కువ తింటుందని జేపెగ్ తీసేవాళ్లు కార్డు ఖరీదు ఎంతో, పెళ్లి ఖర్చు ఎంతో పక్కపక్కన పెట్టి చూసుకుంటే చాలు. రెండు కార్డుల కెమెరా అయితే రెండింటిలోనూ ఒకేసారి రాసేలా పెట్టండి. ట్రెడిషనల్, క్యాండిడ్ అని రెండు టీములు పనిచేస్తుంటే అన్ని కెమెరాల గడియారాలూ పొద్దున్నే ఒకటి చేసుకోవాలి. లేకపోతే ఫైళ్లు వరసలో పేర్చినప్పుడు అప్పగింతలు తలంబ్రాల ముందుకు వస్తాయి.

పగటి పెళ్లికి వేరే పద్ధతి. అభిజిత్ లగ్నమైతే నడినెత్తిన ఎండ. పందిట్లో నీడ, బయట ఎండ, రెండింటికీ నాలుగైదు స్టాపుల తేడా. ఊరేగింపు ఎండలోంచి నీడలోకీ, నీడలోంచి ఇంట్లోకీ వస్తుంటే మాన్యువల్‌లో వేళ్లు ఆడించుకుంటూ కూర్చోవడం వృథా శ్రమ. షట్టర్ 1/250, అపర్చర్ ఎఫ్/4 బిగించి, ఐఎస్ఓ ఆటోకు వదిలేస్తే కెమెరా తన పని తాను చూసుకుంటుంది. ఎండలోకి వచ్చేసరికి ఐఎస్ఓ అడుగుకు చేరి ఫొటో తెల్లబోతుందేమో మాత్రం కనిపెట్టి, అప్పుడు షట్టర్ పెంచుకోవాలి. పందిరి బయట వెలుతురు వెనకాల పడేలా జంటను నిలబెట్టారంటే మొహాలు చీకటైపోతాయి. అలాంటప్పుడు సెట్టింగు మార్చేకంటే మనమే పక్కకు రెండడుగులు వేసి, వెనకాల ఆకుపచ్చ కొబ్బరాకుల పందిరి వచ్చేలా చూసుకోవడం తేలిక. అప్పగింతలకూ ఇదే ఆటో ఐఎస్ఓ పద్ధతి. తెల్లవారే వెలుగు నిమిష నిమిషానికీ మారుతుంది, ఏడుస్తున్నవాళ్ల మొహం మీద ఫ్లాష్ కొట్టడం మర్యాద కూడా కాదు.

స్టేజీ మీద గ్రూపులు త్వరగా తేలిపోయేవి. ఒక వరసకు ఎఫ్/4, రెండు వరసలైతే ఎఫ్/5.6, షట్టర్ 1/125, లెన్స్ 35 ఎంఎంకు తగ్గకుండా. 24 ఎంఎంతో తీస్తే చివర నిలబడ్డ అత్తయ్యగారు ఉన్నదానికంటే లావుగా వస్తారు, ఆ పాపం మనకెందుకు. ఒక్కో గ్రూపుకు మూడు నాలుగు తీస్తే కళ్లు మూసినవాళ్ల బెడద ఉండదు.

చివరికి ఇదంతా చేరేది కరిష్మా ఆల్బమ్‌లోకి. 12 బై 36 అంగుళాల షీటును 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 పిక్సెళ్ల చొప్పున లెక్కేస్తే 3,600 బై 10,800 పిక్సెళ్లు, అంటే దాదాపు 3.9 కోట్లు. చాలా కెమెరాలు ఇచ్చేది 2.4 కోట్లు. ఒకే ఫొటోను షీటంతా పరిస్తే అంగుళానికి 167 పిక్సెళ్లు పడతాయి, చేతి దూరంలో చూసే ఆల్బమ్‌కు ఫర్వాలేదు. ఐఎస్ఓ 6400 నాయిస్ ఆ ప్రింటులో పెద్దగా కనబడదు, స్క్రీన్ మీద రెండొందల శాతం పెద్దది చేసి చూసి బాధపడటం మానేయొచ్చు. షీటు పొడవు వెడల్పుకు మూడింతలు కాబట్టి ఫొటోలో పైనా కిందా కలిపి సగం తెగిపోతుంది. జీలకర్ర బెల్లం ఫొటో షీటంతా వేస్తారని ముందే తెలుసు కాబట్టి చేతులకు పైన, పీటలకు కింద చోటు వదిలి వెడల్పుగా తీయండి. షీటు సరిగ్గా మధ్యలో, 18 అంగుళాల దగ్గర మడత వస్తుంది. తెర అక్కడ పడితే ఫర్వాలేదు, పెళ్లికూతురి మొహం పడకుండా ఫ్రేము సర్దుకోండి.